పిన్ను ఇవ్వని మిస్త్రి

లక్సెట్టిపేట అంగడి సందులో పెట్రోమాక్సు దీపాలు, కుట్టుమిషన్లు, సైకిళ్లు బాగుచేసే అజీముద్దీన్‌కు లోకంలో రెండింటి మీదే గౌరవం ఉండేది. ఒకటి, ఎప్పుడో చనిపోయిన తన ఉస్తాద్ మీద. రెండోది, బెల్లంపల్లిలో ఒక బొగ్గుబాయి అడుగున పద్దెనిమిదేళ్లు తాను కనిపెట్టుకుని ఉన్న నీళ్ల పంపు మీద. మిగతా జనమంతా అతని దృష్టిలో రెండు రకాలు. పానా ఎట్లా పట్టుకోవాలో తెలియనివాళ్లు ఒక రకం. తెలియదన్న సంగతి కూడా తెలియనివాళ్లు ఇంకో రకం. ఈ రెండో రకంవాళ్లే ఎక్కువగా ఆఫీసర్లు అవుతారని అతని నమ్మకం.

బాయిలో కొలువు పోయింది కూడా ఆ నమ్మకం వల్లే. కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకాయన పంపు దగ్గర నిలబడి, నీళ్లు కారుతున్నాయి, బిగించు అన్నాడు.

"కారాలె సాబ్. చుక్క చుక్క కారితేనే ఇరుసు సల్లగుంటది," అన్నాడు అజీముద్దీన్.

బిగించాల్సిందే అన్నాడు ఇంజనీరు. అజీముద్దీన్ పానా తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మీరే బిగించుండ్రి. కాలినంక నాకు కబురు పెట్టుండ్రి," అని పైకి వచ్చేశాడు. మూడో నాటికి ఇరుసు కాలింది, కబురూ వచ్చింది. అతను పోలేదు. భార్య హఫీజా మాత్రం, "మీ నోటిని భరించే కొలువు ఇంకెక్కడ దొరుకుతుంది," అని సణుగుతూ సామాను మూటగట్టింది. ఇద్దరూ ఆమె పుట్టిన ఊరు లక్సెట్టిపేటకు చేరారు.

అక్కడ దుకాణం పెట్టిన రెండేళ్లకు, యాభై మూడో సంవత్సరం వానలకు ముందు, తాలూకా కచేరీ నుంచి బంట్రోతు వచ్చాడు. గోదావరి రేవులో మోటరు ఒకటి మొరాయిస్తున్నది, వచ్చి చూడమని తహసీల్దారు పిలుస్తున్నాడు.

పోలీసు చర్య తరువాత ఒక జాగీర్దారు వేట బంగ్లాలోంచి సర్కారు పట్టుకొచ్చిన సామానులో దొరికిన మోటరు అది. పడవ వెనక చెక్కకు బిగించే రకం, సముద్రాల అవతల తయారైంది. పైన పళ్లెమంత ఇనుప చక్రం, కింద చెరోపక్కకు చాచిన రెండు సిలిండర్లు, వాటిని ఆనుకుని పెట్రోల్ ట్యాంకు, నీళ్లలో మునిగే పొడుగాటి కాలు, కాలి చివర మూడు రెక్కల ఫ్యాను. చక్రానికి తాడు చుట్టి గుంజితే లేవాలి. జాగీర్దారు దానిమీద మొసళ్ల వేటకు పోయేవాడని చెప్పుకునేవారు. మొసళ్లకు ఏమైందో తెలియదు గానీ, మోటరు మాత్రం అయిదేళ్లు కచేరీ రికార్డు గదిలో కాగితాల కింద పడి ఉంది.

దాన్ని బయటికి తీయించిన ఘనుడు ఓవర్సీరు రామచంద్రం. ఇస్త్రీ మడత నలగని మనిషి. వానాకాలంలో గోదావరి నిండితే గెడకు అడుగు అందదు, పడవలు ఆగిపోతాయి, టపా ఆగిపోతుంది. మోటరు ఉంటే ఆగదని తహసీల్దారుకు చెప్పి ఒప్పించాడు. అది మంచి ఆలోచనేనని అజీముద్దీన్ కూడా ఒప్పుకునేవాడు, ఆలోచన దగ్గర ఆగి ఉంటే.

మోటరు లేచేది. పది నిమిషాలు నడిచి, సరిగ్గా నది నడుమ చచ్చేది. కాసేపు ఊరుకుంటే మళ్లీ లేచేది, మళ్లీ చచ్చేది. ఒక లారీ డ్రైవరు వచ్చి ప్లగ్గులు మార్చాడు. ఇంకెవరో కార్బొరేటర్ విప్పి, బిగించేటప్పుడు ఒక మర మిగుల్చుకున్నారు. జాగీర్దారు గాలి సోకిందని ఎవరో చెబితే కొబ్బరికాయ కూడా కొట్టారు.

అజీముద్దీన్ పడవలో కూర్చుని చేతులు కట్టుకున్నాడు. మోటరును ముట్టలేదు. పది నిమిషాలు చెవి అటు పడేసి విన్నాడు. అది గుక్కపట్టి ఆగిపోగానే ట్యాంకు మూత కొద్దిగా వదులు చేశాడు. లోపలికి గాలి బుస్సున పోయింది. తాడు గుంజితే మోటరు లేచింది, ఈసారి ఆగలేదు. ఒడ్డుకు తెచ్చి మూతను చేతిలో తిప్పి చూశాడు.

"ఎవలేసిండ్రు గీ పచ్చరంగు?"

"నేనే ఏయించిన," అన్నాడు రామచంద్రం. "కలెక్టర్ సాబ్ వస్తుండంటే."

"మూతకు సూదిమొనంత బొక్క ఉంటది సాబ్. పెట్రోల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి రావాలె. మీరు దాని ముక్కు మూసిండ్రు, అది ఊపిరాడక సచ్చింది. మీ ముక్కుకు కూడా గింత రంగు పూసి చూద్దామా, ఎంతదూరం నడుస్తరో?"

రేవులో ఉన్న జనమంతా నవ్వారు. తహసీల్దారు మొహం పక్కకు తిప్పుకున్నాడు. మర్నాటి నుంచి అజీముద్దీన్ రేవుకు మోటరు మిస్త్రి అయ్యాడు. రామచంద్రానికి కంట్లో నలుసు అయ్యాడు.

ఆ మోటరును అతను చూసుకున్న తీరు చూస్తే, హఫీజాకు సవతి పోరు అంటే ఏమిటో తెలిసివచ్చింది. పెట్రోల్‌ను మెత్తని తోలుతో వడగట్టనిదే ట్యాంకులో పోయనిచ్చేవాడు కాదు. నీటిచుక్క కలిస్తే చాలు, వరద మధ్యలో ఆగిపోతుంది. దానికి నూనె విడిగా పోసే చోటు లేదు, పెట్రోల్లోనే కలపాలి, అదీ తన ఇత్తడి గ్లాసు కొలతతోనే. ఒడ్డు చేరాక పీపాలో మంచినీళ్లు నింపి, మోటరు కాలు అందులో ముంచి నడిపించేవాడు. గోదావరి ఇసుక లోపలి నీటిదారుల్లో పేరుకుంటే సిలిండర్లు కాలిపోతాయి. ఇవన్నీ అతను చేసేవాడేగాని ఎందుకు చేస్తున్నాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. చెప్పినా ఎక్కదని అతని ఉద్దేశం.

అన్నిటికంటే గుట్టుగా దాచుకున్నది పిన్నును. ఫ్యానును ఇరుసుకు పట్టి ఉంచేది అగ్గిపుల్ల మందాన ఒక ఇత్తడి పిన్ను. ఫ్యాను రాయికో దుంగకో తగిలినప్పుడు అది తెగిపోవాలి. అది తెగితేనే లోపలి గేర్లు బతుకుతాయి. ఆ రేవులో అడుగంతా బండలే గనుక నెలకు రెండుమూడు తెగేవి. మెత్తని ఇత్తడి కమ్మి చూసి తానే కోసుకుని, జర్దా డబ్బీలో వేసి అంగీ జేబులో పెట్టుకునేవాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మోటరులో ఉన్న పిన్నును కూడా పీకి డబ్బీలో వేసుకునేవాడు, ఇంకెవరూ నడపకుండా.

రేవు శంకరవ్వది. మొగుడు పోయాక గెడ చేతబట్టి పదిహేనేళ్లుగా పడవ నడుపుతున్న మనిషి. ఏ బండ ఎక్కడుందో, ఏ సుడి ఎటు తిరుగుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఒకరోజు పిన్ను మారుస్తుంటే వంగి చూసింది.

"గంత సన్నగున్నదేంది మిస్త్రి సాబ్? జర గట్టిది పెట్టరాదా, ఊకూకె తెగకుండ?"

"నువ్వు గెడ పట్టుకో," అన్నాడు అజీముద్దీన్ తల ఎత్తకుండా.

ఆమె గెడ అందుకుంది. అవతలి ఒడ్డు నుంచి కూరగాయల గంప తెచ్చే సత్తమ్మ మాత్రం ఊరుకోలేదు. "నీ మోటరుకు పొగ ఎక్కువ, నీకు పొగరు ఎక్కువ సాయెబూ," అన్నది. పెట్రోల్ డబ్బా మీద గంప పెట్టినందుకు అతను అంతకుముందే ఆమెను నాలుగు తిట్లు తిట్టి ఉన్నాడు. అయినా దిగేటప్పుడు నాలుగు బెండకాయలు పడవలో పడేసి పోయింది. అవి ముదురు బెండకాయలని అతను హఫీజాతో అన్నాడు.

రెండేళ్లు ఇట్లా గడిచాయి. మూడో వానాకాలంలో, గోదావరి రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతున్న రోజుల్లో, అజీముద్దీన్‌ను చలిజ్వరం పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ పడి ఉండగా, ఒకరోజు పొద్దున్నే శంకరవ్వ తడిబట్టలతో వచ్చి వాకిట్లో నిలబడింది.

"అవతల గత్తర లేచింది మిస్త్రి సాబ్. కరీంనగర్ దిక్కు వాగులు పొంగి బాట తెగింది. సూదిమందు పెట్టె పట్టుకొని డాక్టరు మన రేవుకే వచ్చిండు. పిన్నుల డబ్బీ ఇయ్యి."

అజీముద్దీన్ మోచేతి మీద లేచాడు. "ఎవరు నడుపుతరు?"

"ఓవర్సీరు సాబ్."

అతని పెదవి వంకర తిరిగింది. ఒళ్లు కాలిపోతున్నా ఆ మాట వినగానే లోపల ఏదో చల్లగా, హాయిగా అనిపించింది. రెండేళ్లకు ఓవర్సీరుకు తన గడప అవసరమైందన్నమాట, మొహం చెల్లక ఈమెను పంపాడు.

"ఇయ్య," అన్నాడు. "ఆయనకు రంగులేసుడు వస్తది, మోటరు రాదు. పిన్ను లేకుంటే ముట్టడు. రేపు జ్వరం దిగుతది, నేనే వచ్చి దాటిస్త."

"రేపటిదాక ఆగేటట్టు లేరు. మనుషులు సస్తుండ్రట."

"ఆగకుంటే మునుగుతరు. పో."

శంకరవ్వ ఒక్క క్షణం అతని వంక చూసింది. ఆ చూపును అతను తరువాత చాలా ఏళ్లు మరిచిపోలేదు. ఆమె పోయాక హఫీజా, "ఇచ్చి ఉంటే ఏం పోయేది," అన్నది. అతను డబ్బీని తలగడ కిందికి తోసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వాళ్లు ఆగలేదు. సూదిమందు పెట్టె చెక్కకు కొట్టిన ఉక్కుమేకును రామచంద్రం పీకించి, కొలత ప్రకారం తెగ్గొట్టి, పిన్ను ఉండే చోట సుత్తితో దిగ్గొట్టాడు. ఇత్తడి కంటే ఉక్కు గట్టిదని ఆయన చదువుకున్నాడు. నది మూడువంతులు దాటేదాకా అంతా బాగానే ఉంది. శంకరవ్వ ముందు కూర్చుని, "ఎడమకు, ఇంకా ఎడమకు," అని అరుస్తూనే ఉంది. మోటరు మోతలో ఆయనకు వినపడలేదో, వినదలచుకోలేదో. ఫ్యాను బండకు తగిలింది. మేకు తెగలేదు. కాలి లోపల గేర్లు నలిగి మోటరు ఒక్కసారిగా బిగుసుకుపోయింది. పడవ అడ్డం తిరిగింది, నీళ్లు లోపలికి వచ్చాయి, సూదిమందు పెట్టె కొట్టుకుపోయింది. శంకరవ్వ తెడ్డు ఒక్కటే ఆసరాగా పడవను సుడుల అంచుల వెంట పట్టుకొచ్చి, నాలుగు మైళ్ల దిగువన ఒక ఇసుక దిబ్బ మీదికి ఎక్కించింది. డాక్టరు, ఓవర్సీరు, ఇద్దరు కూలీలు ప్రాణాలతో బయటపడ్డారు. మళ్లీ మందు తెప్పించి, వరద తగ్గాక అవతలికి చేర్చేసరికి నాలుగో రోజయింది. ఆ నాలుగు రోజుల్లో ఆ పల్లెలో తొమ్మిది మంది కలరాతో పోయారు. వాళ్లలో సత్తమ్మ ఉంది.

జ్వరం తగ్గీ తగ్గకముందే అజీముద్దీన్‌ను కచేరీకి పిలిచారు. వరండాలో మోటరు కాలు విప్పి, లోపలి తుక్కును గోనె మీద పోశాడు. పళ్లు రాలిన గేరు రెండు ముక్కలుగా వచ్చింది. ఉక్కుమేకు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తహసీల్దారు బల్ల మీద పెట్టాడు.

మిస్త్రి నిర్లక్ష్యం వల్ల యంత్రం చెడిపోయిందని రామచంద్రం అప్పటికే రాసిచ్చి ఉన్నాడు. ఆయన చొక్కా మడత ఇప్పుడు కూడా నలగలేదు. ఆ మేకు ఒక్కటి చాలు, ఆయన నోరు మూయించడానికి. అజీముద్దీన్ దారి పొడుగునా ఆ మాటలే కూర్చుకుంటూ వచ్చాడు, బాగా నూరి పదును పెట్టుకున్నాడు. తీరా నోరు తెరిచేసరికి తలుపు దగ్గర నిలబడ్డ శంకరవ్వ కనబడింది. తాను పిన్ను ఇవ్వనన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదని అతనికి అర్థమైంది.

"మేకు ఈయన పెట్టిండు," అన్నాడు. "పిన్ను నా దగ్గర ఉండె. అడిగితే నేను ఇయ్యలే."

"ఎందుకు ఇయ్యలే?" అన్నాడు తహసీల్దారు.

"ఈయనకు తెల్వదని. తెల్వనోనికి నేర్పకుంట కూసున్న నాకు తెల్వదా, ఏమైతదో?"

ఓవర్సీరుకు బదిలీ అయింది. మిస్త్రి కొలువు ఊడింది. రెండూ న్యాయమేనని అజీముద్దీన్ అనుకున్నాడు. కాకపోతే బదిలీ తక్కువ అనుకున్నాడు.

వరద పూర్తిగా తీశాక మామూలు పడవలో అవతలికి దాటి, సత్తమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. ఆమె మొగుడు హనుమండ్లు నులకమంచం వాల్చి కూర్చోమన్నాడు, చెంబుతో నీళ్లిచ్చాడు. తిడతాడని అజీముద్దీన్ సిద్ధపడి వచ్చాడు. తిడితే తిరిగి ఏదో ఒకటి అనడం అతనికి చేతనవును. హనుమండ్లు తిట్టలేదు.

"మోటరు ఎప్పటికి బాగైతది సాయెబూ? పెరట్ల వంకాయలు మురుగుతున్నయి," అన్నాడు.

అజీముద్దీన్ నీళ్లు తాగి చెంబు కింద పెట్టి లేచాడు. ఊళ్లో ఎవరినైనా ఈసడించుకోవడానికి అతనికి మాట దొరకని రోజు అదొక్కటే. తనను తాను మాత్రం తిరుగు పడవ ఎక్కేదాకా తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇంతకాలం తాను గీసిన గీతకు అవతల, తెలియదన్న సంగతి కూడా తెలియని ఆ రెండో రకంలో, అందరికంటే ముందు తానే ఉన్నాడు.

అటువంటి గేరు సముద్రాల అవతలి నుంచి తెప్పించడం అయ్యే పని కాదు. అజీముద్దీన్ బెల్లంపల్లి పోయి, పాత జతగాళ్లను అడిగి, విరిగిపోయిన పంపు తాలూకు కంచు ముద్ద ఒకటి సంపాదించాడు. దుకాణం ముందు కూర్చుని దాన్ని ఆకురాయితో గేరుగా దిద్దడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పన్నూ ఏటవాలుగా రావాలి, రెండో గేరు పళ్లతో వెంట్రుక సందు లేకుండా కలవాలి. దీపం మసిని నూనెలో కలిపి పళ్లకు పూసి తిప్పేవాడు. మసి ఎక్కడ అంటితే అక్కడ రాకాలి. మొదటిది నెలన్నర చేశాక, ఒక పన్ను కాస్త పక్కకు పోయిందని తెలిసింది. దాని వంక చూసి, "ఓవర్సీరు పని," అని పక్కకు విసిరేశాడు. రెండోది సంక్రాంతి దాటాక పూర్తయింది. ఎవరూ చేయమనలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

మోటరును రేవుకు తీసుకుపోయి శంకరవ్వ పడవకు బిగించాడు. జర్దా డబ్బీ తీసి ఆమె ముందు పెట్టాడు.

"కూసో. ఇది ఎందుకు సన్నగుంటదో చెప్త."

"ఇప్పుడు చెప్పుతున్నవా?" అన్నది శంకరవ్వ. ఆ తరువాత చాలాసేపు డబ్బీని ముట్టలేదు.

చివరికి కూర్చుంది. అజీముద్దీన్ నేర్పడం మొదలుపెట్టాడు గాని నోరు మాత్రం మారలేదు. తాడు వంకరగా చుడితే, "ఎద్దుకు పలుపు కడుతున్నవా," అనేవాడు. నూనె రెండు చుక్కలు ఎక్కువైతే, "చారుల పోపు పెడుతున్నవా," అనేవాడు. ఆమె అన్నీ విని, చేతిలో పని ఆపకుండా, "నీ నోరు నడవడానికి కూడా నూనె కలుపుతరా మిస్త్రి సాబ్," అని అడిగేది. ఒక వానాకాలం గడిచేసరికి ప్లగ్గులు తుడవడం, పిన్ను కోయడం, వరదలో బండల మధ్య మోటరు ఎత్తి పట్టుకోవడం అన్నీ ఆమెకు పట్టుబడ్డాయి. కొత్తగా వచ్చిన తహసీల్దారు ఆడమనిషి మోటరు నడపడమేమిటని అడిగాడట. పోటు మీదున్న గోదావరిలో ఆమె పడవ ఎక్కి అవతలికి పోయి వచ్చాక మళ్లీ అడగలేదు.

అజీముద్దీన్ రోజూ రేవుకు వచ్చి, రాయి మీద కూర్చుని, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మోటరు మోత విని తప్పులు పట్టేవాడు. అరవై నాలుగో సంవత్సరం దాకా అట్లాగే సాగింది. పద్దెనిమిదేళ్లు పంపు పక్కన గడిపిన చెవులు అప్పటికి మందగించాయి, కానీ ఆ సంగతి అతను ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం శంకరవ్వ పడవ ఒడ్డుకు చేర్చి, ఒక సిలిండరు సరిగా కొట్టడం లేదన్నది.

"మంచిగనే ఉన్నది. నేను వింటలేనా?" అన్నాడు.

"లేదు. కుడిపక్కది ఆగి ఆగి కొడుతున్నది."

"పదకొండేండ్ల సంది వింటున్న దీన్ని. నడువు."

శంకరవ్వ నడవలేదు. జనం పడవలో ఎదురుచూస్తుండగానే కుడిపక్క ప్లగ్గు విప్పి కొత్తది బిగించింది. తాడు గుంజింది. మోటరు లేచిన తీరు రాయి మీద కూర్చున్న అతని పాదాల కింది నుంచి తెలిసింది. రెండూ కలిసి, ఎక్కడా తడబడకుండా కొడుతున్నాయి.

ఆమె పాత ప్లగ్గు తెచ్చి అతని చేతిలో పెట్టింది. తెల్లటి పింగాణీ మీద వెంట్రుకలాంటి పగులు. అజీముద్దీన్ దాన్ని ఎండకు పెట్టి చూశాడు, గోటితో గీకి చూశాడు. తనకు వినిపించనిది ఆమెకు వినిపించింది, అంతే. ప్లగ్గును గోదావరిలోకి విసిరేశాడు.

"నీకు చెవి వచ్చింది," అన్నాడు. "ఇంక ఎవని మాటా వినకు. ముఖ్యంగ నా మాట."

"వింటున్ననని ఎవరన్నరు?" అన్నది శంకరవ్వ, పడవను ఒడ్డు నుంచి నెడుతూ.

ఇంటికి పోయాక హఫీజాతో రేపటి నుంచి రేవుకు పోనన్నాడు. మర్నాడు పొద్దున అతను దుకాణం ముందు కూర్చుని, ఎవరిదో కుట్టుమిషను విప్పి, దాన్ని అంతకుముందు బాగుచేసినవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం హఫీజా అన్నం పెట్టి పిలిస్తే వినపడలేదు. ఆమె వచ్చి భుజం తట్టి లేపింది.